రొట్టెలో ఎవరి గొంతు

తెల్లారేసరికి వీధివాళ్లంతా పిండి ముద్దలు పళ్లేల్లో పెట్టుకుని అక్క రొట్టెల బట్టీ దగ్గర వరస కట్టేవారు. చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. కొండవాళ్ల రొట్టెలు కాగితంలా పల్చగా ఉండేవి. ఎప్పుడు మూటాముల్లె సర్దుకోవాల్సి వస్తుందో తెలీని జనం, రొట్టె నెల్లాళ్లు నిలవుండాలి మరి. రేవువాళ్లవి గుమ్మడికాయంత. ఒంటరిగా తినడం వాళ్లకి తలవంపులు, ఒక్కడికి సరిపడా రొట్టె చేయడమే వాళ్లకి రాదు.

ఏ రొట్టె విరిచినా ముందు ఆవిరొచ్చేది, వెనకే గొంతొచ్చేది. ఆ పిండి పిసికిన చేతులకి పని నేర్పినవాళ్ల గొంతు. "నీళ్లు చాలే పిల్లా" అని ఎవరి నాయనమ్మో కసిరేది. విని, తిని, ఎవరి పనిమీద వాళ్లు పోయేవారు.

ఒకరోజు ఒకతను వచ్చి "అక్కా, నేను" అన్నాడు. ఇరవై రెండేళ్ల కిందట ఇల్లొదిలిపోయిన తమ్ముడే వచ్చాడని వీధి వీధంతా మీదపడి కావలించుకుంది. అతను కాదనలేదు.

అక్కకి మాత్రం నమ్మకం కుదరలేదు. అమ్మ కోపం, పెరటి మెట్టు, తమ్ముడు చిన్నప్పుడు మింగిన గుండీ, అన్నీ చెప్పాడు. మరీ అన్నీ చెప్పాడు. "సొంత తమ్ముడైతే సగం మరిచిపోయుండేవాడు. వీడు పాఠం అప్పజెప్తున్నాడు" అంది మరిదితో. మరిది పోలీసు.

"మీ పుట్టింటి రొట్టె చేయమను వదినా. మీ అమ్మ గొంతు రాకపోతే నేను చూసుకుంటా."

అడిగితే అతని మొహం పాలిపోయింది. చెయ్యి బెణికిందన్నాడు. మర్నాడు కళ్లు మంటలన్నాడు. మూడోనాడు మరిది వచ్చి తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు.

అతను పిసికాడు. మోచేత్తో నొక్కి, మూడు మడతలేసి, అచ్చం అమ్మలాగే. అక్క ఒళ్లు జలదరించింది. కాలిన రొట్టె చేతిలోకి తీసుకుని విరిచింది.

అమ్మ కాదు. మగగొంతు, దగ్గుతో బొంగురుపోయింది.

"గట్టిగా పిసకరా! మా అక్క దేన్నీ ఊరికే నమ్మదు. నువ్వెళ్లగానే రొట్టె చేయమంటుంది, చూస్తుండు."

చివర చిన్న నవ్వు. ఆ నవ్వు తమ్ముడిదే.

అతను పిండి చేతులు తుడుచుకున్నాడు. "గనిలో పని, ఇద్దరివీ పక్కపక్క మంచాలు, అక్కా. ఆ కబుర్లూ, ఈ రొట్టే వాడి దగ్గర నేర్చుకున్నవే. దుమ్ముకి వాడి ఊపిరితిత్తులు పోయాయి. పోయిన చలికాలం... ఆ మాట చెప్పడానికే వచ్చాను. అందరూ అలా మీదపడేసరికి నోరు పెగల్లేదు. తర్వాత చెప్పబుద్ధి కాలేదు. నన్ను అలా పట్టుకున్నవాళ్లు ఎప్పుడూ లేరు."

"దొంగ దొరికాడుగా వదినా" అని మరిది లేచాడు. "పదరా."

"ఆగవయ్యా." అక్క రెండు ముక్కల్నీ గుండెకి అదుముకుంది. "వీణ్ని తీసుకుపోతే వాడి గొంతు నాకింకెవరి చేతుల్లోంచి వస్తుంది?"

మరిది కుర్చీ పక్కకి జరిపి వెళ్లిపోయాడు.

"నిన్ను తమ్ముడనను" అందామె. "ఇంకో అబద్ధం ఆడితే నేనే పట్టిస్తా. రేపు పొద్దున్నే రా, పిండి పిసకాలి."

అప్పట్నుంచి అతను బట్టీలోనే ఉండిపోయాడు. రోజూ ఒక రొట్టె వేరే తీసి పెట్టేవాడు. అక్క దాన్ని పట్టుకుని లోపలికెళ్లి తలుపేసుకునేది. ఎవరితోనో పోట్లాడుతున్నట్టు ఆమె మాటలు వీధిలోకి వినిపించేవి, నడుమ నడుమ నవ్వులు కూడా.