సగం గిన్నె

"సగానికే పొయ్యి," అంది అత్తగారు, బురుల్ చేతివైపు చూడకుండానే. పదకొండేళ్ళుగా ప్రతి విందులోనూ అంటున్న మాటే.

బురుల్ సగానికే పోసింది. ఆ కొలత ఆమె చేతికి తెలుసు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి కొలత తప్పి, అత్తగారి అక్క జిపార్ టీ గిన్నె అంచుదాకా నిండిపోయింది. వాళ్ళుండే నరీన్ కొండసీమలో చుట్టానికి నిండు గిన్నె చేతికిస్తే, తాగి ఇక బయల్దేరమని అర్థం. "తల మీద తెల్ల రుమాలు మడతైనా నలగలేదు, అప్పుడే చుట్టాల్ని సాగనంపుతోందమ్మా మీ కోడలు!" అని ఆవిడ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ ప్రతి విందులో ఒకసారి వడ్డనకొస్తుంది.

కెలిన్ చోటు తలుపు పక్కన, నీళ్ళు కాగే సమోవార్, టీ కెటిల్ దగ్గర. కెలిన్ అంటే ఇంటి కోడలు, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని అందరి గిన్నెలూ కనిపెట్టుకోవాలి. ఎవరికి పాలెక్కువ, ఎవరికి టీలో ఉప్పు పడదు, ఎవరిది మూడో గిన్నె, ఎవరు మాటల్లో పడి అడగడం మర్చిపోయారు, అన్నీ తలలో ఉండాలి. తన కడుపు మాట మాత్రం తలలోకి రానివ్వకూడదు. ఒకసారి ఒళ్ళు నొప్పులన్నందుకు భర్త తురాత్ నిజంగానే ఆశ్చర్యపోయి, "కూర్చుని టీ పొయ్యడమేగా, నొప్పులెందుకు?" అన్నాడు. బురుల్ బాలబడిలో నాలుగైదేళ్ళ పిల్లలకి పాఠం చెప్తుంది. పాఠమంటే ఆటలే. చెప్పింది గుర్తుంచుకోవడం, ఉబలాటాన్ని ఆపుకోవడం, ఆట నియమం మారితే తామూ మారడం. ఈ మూడింట్లో పెద్దవాళ్ళకి పరీక్ష పెడితే ఊళ్ళో కెలిన్లందరూ మొదటి వరసలో నిలబడతారని ఆమెకి చాలాసార్లు అనిపించింది. చివరిదాని సంగతి మాత్రం అనుమానమే.

"ముప్పైమందిని కుదురుగా కూర్చోబెట్టే పంతులమ్మవి, నీ కూతుర్ని ఒక్కచోట కూర్చోబెట్టలేవు," అంటుంది అత్తగారు. నిజమే, అయిదేళ్ళ మీరిమ్ కాళ్ళకి చక్రాలున్నాయి. కానీ బురుల్‌కి ఒక సంగతి తెలుసు. కదలొద్దంటే ఆ వయసు పిల్లలు రెండు నిమిషాలు ఆగలేరు. మంచుకొండ మీద కాపలావాళ్ళం అనుకుందాం అంటే మాత్రం రెప్ప కూడా వెయ్యరు. ఆటలో వాళ్ళు తమకంటే పెద్దవాళ్ళైపోతారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం విందులో పిల్లలకి ఓ మూల వేరే గుడ్డ పరిచారు. మీరిమ్, జిపార్ మనవరాళ్ళిద్దరు. మధ్యలో నూనెలో వేయించిన బోర్సోక్ పిండి ముక్కలు, జామ్, రంగు కాగితాల చాక్లెట్లు. చాక్లెట్ కనిపిస్తే కాగితంతో సహా నోట్లో వేసుకునే మీరిమ్ చేతిరుమాలు తలకి కట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, "నేను కెలిన్‌ని," అంది. బొమ్మ కెటిల్‌తో నీళ్ళు పోసింది. సగానికే. ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని కుడిచేత్తో అందించింది. చాక్లెట్లు వాళ్ళ ముందుకి జరిపింది. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. పిల్ల కదల్లేదు.

"అయ్యో, బుజ్జి కెలిన్ని చూడండర్రా!" అని జిపార్ చప్పట్లు కొట్టింది.

"కుదురు రక్తంలోనే ఉంది మరి," అంది అత్తగారు మురిసిపోతూ. తురాత్ ఫోన్ తీసి ఫొటో పట్టాడు.

బురుల్‌కి కూడా ముందు గర్వమే కలిగింది. పంతులమ్మ మనసు కదా, లోలోపలే నిమిషాలు లెక్కపెట్టింది. ఎంతసేపు ఆపుకుంది నా తల్లి!

అప్పుడు జిపార్ పెద్ద మనవరాలు అడిగింది. "నువ్వు తినవా?"

"కెలిన్‌కి ఆకలెయ్యదు," అంది మీరిమ్. చాక్లెట్ వైపు ఒక్క చూపు చూసి, గుటక మింగి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

ఆ చూపు బురుల్‌కి తెలుసు. అద్దంలో కాదు, లోపల్నుంచి తెలుసు. ఇది నేను నేర్పలేదు అనుకుంది. వెంటనే, నేర్పకపోవడమేమిటి, ప్రతి ఆదివారం ఈ తలుపు పక్కన కూర్చుని నేర్పింది ఇదే కదా అనుకుంది. ఆపుకోవడం మంచిదే. నీ వంతు వచ్చేదాకా ఆగు, తర్వాత నీకూ ఉంటుంది అని పిల్లలకి రోజూ చెప్తుంది. తరగతిలో ఏ ఆటలోనైనా ఆగినవాళ్ళకి చివరికి వంతు వస్తుంది. వంతే రాని ఆట పిల్ల ఎక్కడ చూసింది? బోర్సోక్ పిండి పొద్దున ఆరింటికి కలిపింది తను. ఇంతవరకూ ఒక్క ముక్క నోట్లో పడలేదు. ఆకలి వెయ్యకనా?

బురుల్ ఇంకో గిన్నె తీసుకుంది. టీ పోసింది. సగం దగ్గర చెయ్యి అలవాటుగా ఆగబోయింది, ఆమె ఆగనివ్వలేదు. ఆ గిన్నెతో లేచి వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది.

"మీరిమ్, ఆటలో నియమం మారింది. పోసినవాళ్ళు కూడా తాగాలి. ఆకలేస్తే తినాలి."

అంటూ బోర్సోక్ తుంచి జామ్‌లో ముంచి తింది.

"నిండా పోశావేమిటే? ఎవర్ని సాగనంపుతున్నావు?" అంది జిపార్.

"ఎవర్నీ కాదు పెద్దత్తయ్యా. నాకే దాహంగా ఉంది. మీరు కూర్చోండి, ఇంకా మాంసం ఉడుకుతోంది."

అత్తగారు చాపిన ఖాళీ గిన్నె గాలిలోనే ఉంది. "బురుల్... అమ్మకి టీ," అన్నాడు తురాత్ మెల్లగా.

"కెటిల్ మీ చేతికందుతుంది. పాలెక్కువ, ఉప్పు కొంచెం," అంది బురుల్.

మీరిమ్ తల్లిని చూసింది, నాయనమ్మని చూసింది. తొడ కింద నుంచి ఒక చెయ్యి బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టుకుంది. బురుల్ తొందరపెట్టలేదు. కాసేపటికి ఆ చెయ్యి మళ్ళీ వచ్చి చాక్లెట్ అందుకుంది. అవతల తురాత్ ఇంకా కెటిల్ వైపే చూస్తున్నాడు.

నియమం మారిన కొత్తలో పిల్లలు ఒకటి రెండుసార్లు తడబడతారు. పెద్దవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. బురుల్ టీ ఊదుకుంటూ తాగింది. ఓపిక ఆమెకి కొత్త కాదు.