దొంగ సంతకాలు

బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, కూతురు షారన్ మార్కుల కార్డుపై తండ్రి సంతకం తానే పెట్టేసిందని సర్కారు బడి హెడ్‌మిస్ట్రెస్ పిలిపిస్తే, ఎడ్విన్ ఆమె మీదే అరిచాడు. "నీతి నేర్పాల్సింది మీరే కదా మేడం!" అక్కడి నుంచి చర్చికి వెళ్లి పాస్టరుపైనా విరుచుకుపడ్డాడు. "సండేస్కూల్లో ఏం నేర్పిస్తా ఉండారయ్యా?"

ఇంటికొచ్చి షారన్ మీద చెయ్యెత్తగానే భార్య స్టెల్లా అడ్డుపడింది. చర్చివాళ్లిచ్చిన ప్రార్థన కార్డు అతని ముఖాన విసిరింది. రోజూ ఇంట్లో అందరూ కలిసి ప్రార్థించినట్టు తండ్రి సంతకం చేయాల్సిన కార్డు అది.

"ఒక్కనాడన్నా మోకాళ్లూనినావా? నెల సంతకాలన్నీ ఒకేసారి గీకినావు. బిడ్డ పక్కనే కూర్చోని చూసింది. ఇంగ యాడ నేర్చుకునిందో ఊరంతా అడుగుతావా?"

ఎడ్విన్ చెయ్యి దించాడు. తన మీద తనకే ఒళ్లు మండింది.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ ముందు తండ్రీకూతుళ్లిద్దరూ క్షమాపణ అడిగారు.