మూడో ఆదివారం ప్రకటన

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలి. ఓర్వకల్లు పక్కన మా ఊళ్లో ఇంతవరకూ ఎవరూ లేవలేదు. లేస్తే కూర్చున్న చోటు పోతుందనేమో.

మా మేనమామ దావీదురాజు కూతురు ప్రేమజ్యోతిని నాకే ఇవ్వాలని ఆ పిల్ల పుట్టినరోజే తేల్చేశారు. మమ్మల్ని అడిగి ఉన్నా మేమూ అదే చెప్పేవాళ్లం. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

జ్యోతి కర్నూల్లో ల్యాబ్ టెక్నీషియన్. మొదటి ప్రకటన అయిన వారం తన రక్తమూ నా రక్తమూ పరీక్ష చేసింది. పెళ్లికొడుక్కి సూది గుచ్చిన పెళ్లికూతురు మా వంశంలో ఈమే. ఇద్దరి రక్తంలోనూ తలసేమియా లక్షణం ఉందట. మాకేం కాదు, పుట్టేవాళ్లకే ముప్పు.

"నలుగురిలో ఒకరికి ఆ జబ్బు రావచ్చత్తా," అని జ్యోతి మా అమ్మ జీవమ్మతో అంది.

"అంతేనా? ముగ్గుర్ని కని ఆపేయండి," అని అమ్మ బియ్యం ఏరుకోసాగింది.

రెండో ప్రకటన కూడా అయింది. శనివారం జ్యోతి మళ్లీ వచ్చి, మొదటి బిడ్డకే రావచ్చనీ, ప్రతి కాన్పుకూ అదే భయమనీ చెప్పింది.

"వస్తే ఏం చేస్తారు?"

"నెలనెలా రక్తం ఎక్కించాలత్తా."

నా పై అన్న యేసురత్నాన్ని ఆరేళ్లపాటు నెలనెలా కర్నూలు ఆస్పత్రికి ఎత్తుకుపోయి రక్తం ఎక్కించింది అమ్మ. వాడు పోతే తల్లిపాలలో దోషమన్నారు ఊళ్లోవాళ్లు. అమ్మా నాన్నలది కూడా మేనరికమే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

మూడో ఆదివారం పాస్టరుగారు పేర్లు చదివి, అలవాటుగా పేజీ తిప్పబోయారు. అమ్మ లేచింది.

"నాకుండాది సార్, అభ్యంతరం."

పెళ్లికొడుకు తల్లే లేస్తే ఏం చేయాలో పుస్తకంలో లేదు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆడవాళ్ల వైపు నుంచి జ్యోతి లేచింది. "మాకు పిల్లలొద్దత్తా. నాకు బావ ఉంటే చాలు."

పిల్లలొద్దనుకుంటే పెళ్లెందుకని వెనకనుంచి ఎవరో పైకే అడిగారు. అమ్మ అటు తిరిగింది.

"ఆరేండ్లు వాణ్ణి ఎత్తుకోని తిరిగితే మీరెవురూ నా ఎంబడి రాల్యా. మనవళ్లు లేకుంటే లేకపోనీ. ఇంగో బిడ్డను మట్టిలో పెట్టే శక్తి నాకు లేదు." పాస్టరుగారి వైపు చూసి, "ఇంగ సదవండి సార్," అని కూర్చుంది.

పాస్టరుగారు మా పేర్లు మళ్లీ మొదటినుంచి చదివారు.