నుదుటి చాకిరీ

యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, అద్దం ముందు తల దువ్వుకుంటున్న భర్త అన్నాడు: "నీ మొహం ఎప్పుడూ ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టే ఉంటుందేమిటి?"

ఆ చొక్కా అతనిది కాదు, ఆమెది. ఇరవై ఏళ్లుగా సిటీ బస్సు నడుపుతోంది. అతని చొక్కాలు అంతకుముందే ఇస్త్రీ అయిపోయి హ్యాంగర్లకు వేలాడుతున్నాయి.

మొహం సంగతి ఆమెకు కొత్త కాదు. డిపో మేనేజరు ఇదే మాట మర్యాదగా అంటాడు: "కాస్త నవ్వుమొహం పెట్టమ్మా, ప్రయాణికులు జడుసుకుంటున్నారు." పక్క రూటు మీసాల డ్రైవరు పొద్దస్తమానం బూతులు తిడుతూ బండి నడిపినా అతని మొహం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. అత్తగారిది వేరే పాట. "మా కోడలికి గడ్డం కిందికి దిగదు. ఉద్యోగం చేసే పొగరు." ఇరవై ఏళ్లుగా ఆ పొగరే ఆ ఇంట్లో అంట్లు తోముతోంది.

ఆమె గడ్డం ఎత్తే నడుస్తుంది, అబద్ధం కాదు. ఎందుకో ఆమెకే తెలియదు. ఈమధ్య డ్యూటీ దిగేసరికి నుదుటి మీద బండరాయి పెట్టినట్టు నొప్పి. పోయిన వారం స్తంభం మీది ఎర్రలైటు ఆలస్యంగా కనపడింది. బ్రేకు తొక్కింది. బస్సులో అందరూ ముందుకు తూలారు, ఎవరికీ ఏమీ కాలేదు. వచ్చే నెల డ్రైవర్లందరికీ కంటి పరీక్ష ఉంది. తప్పితే స్టీరింగు పోతుంది, టికెట్ల గదిలో కూర్చోబెడతారు. కంటి డాక్టరేమో కళ్లు బాగానే ఉన్నాయి, కనుబొమలు చూపించుకోండని చీటీ రాసిచ్చాడు.

"కనుబొమలకి డాక్టరా?" అని ఆడపడుచు ఫోన్లో నవ్వింది. "నుదుటికి నాలుగు సూదులు పొడిపించుకో వదినా, ముడతలు పోతాయి. మా ఆఫీసులో సగం మంది చేసే పని అదే."

చీటీలో రాసిన ప్లాస్టిక్ సర్జను యాభై దాటిన ఆడమనిషి. తన మొహం మీద ముడతల్ని తను దాచుకోలేదు. వేలితో ఆమె గడ్డాన్ని కిందికి నొక్కి, నుదురు వదులు చేసి కళ్లు తెరవమంది.

"గోడ మీద గడియారం కనపడుతోందా?"

"లేదండీ."

సర్జను రెండు బొటనవేళ్లతో కనుబొమల్ని పైకెత్తింది. గడియారం, ఫ్యాను, కిటికీ పైభాగం అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్లలోకి వచ్చిపడ్డాయి.

"కనుబొమలు జారి రెప్పల మీద కూర్చున్నాయమ్మా. తెల్లారి లేచింది మొదలు మీ నుదుటి కండరం వాటిని మోస్తోంది. ఈ గీతలు కోపానివి కావు, ఆ మోతవి. అదీ చాలక గడ్డం కూడా ఎత్తుతున్నారు."

ఇరవై ఏళ్లు పొగరు అనిపించుకున్నది ఇదా! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సూదుల సంగతి అడిగింది.

"మీకు పనికిరావు. సూది పడితే ఆ కండరం పని మానేస్తుంది, కనుబొమలు ఇంకా జారతాయి. నేను చేసేది వేరు. జుట్టులోపల చిన్న గాట్లు పెట్టి, సన్నటి కెమెరా గొట్టంతో చూస్తూ నుదుటి చర్మాన్ని పైకి లాగి నిలబెడతాను. రెండు వారాలు వాపు, కమిలిన మచ్చలు ఉంటాయి. నెత్తి నెలల తరబడి మొద్దుబారి ఉండొచ్చు. గాటు దగ్గర జుట్టు పలచబడొచ్చు. రెండు కనుబొమలూ అచ్చంగా ఒక ఎత్తున ఉంటాయని మాటివ్వను. అరుదుగా నరం దెబ్బతిని ఒకటి లేవకపోవచ్చు కూడా. వయసు ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీరు చెప్పిన కంటి పరీక్షని రెండు నెలలు వాయిదా వెయ్యమని డిపోకి ఉత్తరం రాసిస్తాను. సరే, ఒకటి అడుగుతాను. చూపు కోసమేనా, అందం కోసం కూడానా?"

"అందం కోసం కూడానండీ," అంది ఆమె. ఆ మాట బయటికి అన్నది జీవితంలో అదే మొదటిసారి.

"తప్పేముంది," అంది సర్జను.

చెడ్డ సంగతులన్నీ ముందే చెప్పి, ఆశ పడినందుకు సిగ్గుపడనివ్వని ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇన్నేళ్లలో ఆమెతో ఇంత తిన్నగా మాట్లాడినవాళ్లు లేరు. సరుకు అమ్ముకునేవాళ్లు ఇలా మాట్లాడరు, కాపురం చేసేవాళ్లు అసలే మాట్లాడరు.

భోజనాల దగ్గర ఆస్పత్రి కాగితం పైకి చదివింది. రెండు వారాలు వంగకూడదు, బరువులెత్తకూడదు, తల ఎత్తులో పెట్టుకునే పడుకోవాలి.

"ఈ వయసులో సోకులు," అంది అత్తగారు కంచంలోకి చూస్తూ.

"చూపు కోసమంటే సరేలే," అన్నాడు భర్త. "కానీ రెండు వారాలు ఇల్లెట్లా? మరీ వంగకుండా, కాస్త కాస్త చేసుకోవచ్చేమో కనుక్కున్నావా?"

ఆమె కాగితం తిప్పింది. అడుగున ఒక గడి ఉంది, ఇంటి దగ్గర రోగిని చూసుకునే వ్యక్తి అని. అత్తగారి మోకాలి ఆపరేషనుకు, భర్త హెర్నియాకు, ఆడపడుచు రెండు కాన్పులకు ఆ గడిలో పడ్డ పేరు ఆమెదే. ఈసారి పెన్ను తీసి అతని పేరు రాసింది. కింద ఆపరేషను తేదీ వేసింది, తన సంతకం పెట్టింది.

"నన్నడక్కుండానే రాసేశావా?"

"ఆ గడిలో ఎవర్నీ అడిగి రాయరు," అంది ఆమె. "నాకు అనుభవం."