లాంబెర్తో అరవడానికొక బార్

ఏ బార్‌లోకి అడుగుపెట్టినా నేను ముందు చూసేది టీవీ కాదు, బాత్‌రూమ్. అది పైనే ఉందా, నేలమాళిగలో ఉందా, పట్టుకోవడానికి కమ్మీ ఉందా లేదా అని. మా సరగోసా ఊళ్ళో పాత బార్లన్నీ ఒకే మేస్త్రీ కట్టినట్టుంటాయి. ఆ మహానుభావుడు బాత్‌రూమ్‌ని పాతాళంలో తప్ప ఎక్కడా పెట్టలేదు. ఇరుకు మెట్లు కనబడగానే "వద్దులే, పదండి" అంటాను. కోస్మె అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుని ఉంటాడు. "ఒక్క బీరైనా తాగనివ్వవే తల్లీ" అని సణుగుతూ లేస్తాడు. లాంబెర్తో ఏమీ అనడు. అనలేడు.

లాంబెర్తో మా ఆయన. రిటైరయ్యేదాకా ఈ ఊళ్ళో సిటీ బస్సు నడిపాడు. కోస్మె కూడా అదే డిపోలో డ్రైవరు, ఆయన ప్రాణస్నేహితుడు. కిందటి చలికాలం లాంబెర్తోకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. కాలు కొంత తేరుకుంది, కర్ర పట్టుకుని నడుస్తాడు. మాట మాత్రం తిరిగి రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. కోపమొస్తుంది, నవ్వొస్తుంది. చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చి అక్కడే నిలబడిపోతుంది. అది చూడటం కంటే ఆయన కోమాలో ఉన్న రోజులే నయమనిపించేది నాకు ఒక్కోసారి. ఈ మాట ఎవరితోనూ అనలేదు, మీతో అంటున్నాను.

ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఒకతి ఉంది. పాపం చాలా ఓపిక. "ఒరోసియా గారూ, ఆలోచించి అనే మాటలకి దారి మూసుకుపోయింది. ఆలోచించకుండా నోట్లోంచి ఊడిపడేవి ఉంటాయి చూడండి, ప్రార్థనలు, పాటలు, తిట్లు, అవి వేరే దారిన రావచ్చు. ఆయనకి వాటిలో ఏవి అలవాటు?" అని అడిగింది.

ప్రార్థనా? పెళ్ళినాడు చర్చిలో కనబడ్డవాడు, మళ్ళీ కూతురి పెళ్ళికే కనబడ్డాడు. పాటంటారా, స్నానం చేసేటప్పుడు కూడా వినలేదు. "ఆదివారం మ్యాచ్ చూస్తూ రెఫరీని తిడతాడు" అన్నాను సిగ్గుపడుతూ.

"అయితే మ్యాచ్‌కి తీసుకెళ్ళండి. మొదటి ఏడాదిలో వచ్చేదే ఎక్కువ, ఆలస్యం చెయ్యకండి" అంది, పక్కవీధిలోకి వెళ్ళి రొట్టె తెమ్మన్నంత తేలిగ్గా.

వారమంతా బస్సులో ఎవరు ఏమన్నా నోరు మెదపని మనిషి, ఆదివారం మా ఇంటి కింద ఎర్మీనియో బార్‌లో కూర్చుని వీధి దద్దరిల్లేలా అరిచేవాడు. పైనుంచి నేను సిగ్గుతో చచ్చిపోతూ కిటికీలు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఆ గొంతు కోసమే ఊరంతా పడి తిరుగుతున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఎర్మీనియో బార్ ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు. ఆయన మోకాళ్ళ నొప్పులని మూసేసి చెల్లెలి ఊరు వెళ్ళిపోయాడు. ఇప్పుడక్కడ గోళ్ళకి రంగులేస్తారు. ఇంట్లో మ్యాచ్‌లొచ్చే చానల్ పెట్టించి కూడా చూశాను. సోఫాలో కూర్చోబెట్టి, ఆలివ్‌లు గిన్నెలో పోసి, నేనూ పక్కన కూర్చున్నాను. మొదటి సగం అయ్యేలోగా గురక పెట్టాడు. వినేవాళ్ళు నలుగురుంటేనే మగాడికి అరుపొస్తుందని అప్పుడర్థమైంది.

అలా మొదలైంది మా తిరుగుడు. ముందు కొత్త రోడ్డు మీదున్న పెద్ద బార్‌కి వెళ్ళాం. గోడకొక టీవీ, బాత్‌రూమ్ మా పడగ్గదంత, మెట్టన్నది లేదు. నాకు గంపెడాశ పుట్టింది. జుట్టు ముడేసుకున్న కుర్రాడొచ్చి "ఏ మ్యాచ్ చూస్తారండీ?" అన్నాడు.

"ఏ మ్యాచ్ ఏమిటి నాయనా! సరగోసా మ్యాచ్."

"సరగోసానా? ఇవాళ ఉందా?"

కోస్మె గుండె పట్టుకున్నాడు. "ఒరోసియా, అంబులెన్స్ పిలువు. ఈసారి నాకు" అన్నాడు.

కుర్రాడు మంచివాడే, మూలనున్న చిన్న టీవీలో పెట్టాడు. శబ్దం మాత్రం లేదు. మిగతా వాటన్నిటిలో ఇంగ్లీషు వాళ్ళ ఆట. ఎండకి మాడి ఎర్రబడ్డ విదేశీ పిల్లలు మా వెనక బల్లలు గుద్దుతూ పాడుతున్నారు. మనవాళ్ళు గోల్ వేస్తే కోస్మె ఒక్కడే లేచి అరిచాడు. అందరూ తిరిగి చూశారు, ఒకడు ఫోటో కూడా తీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లాంబెర్తో తల దించుకుని బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత మరో రెండు చోట్లకి వెళ్ళాం, వాటి గురించి చెప్పుకోవడం దండగ. ఒక దాంట్లో పందేల మిషన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఇంకోదాంట్లో మెట్లు.

ఆ పైన దెలీసియాస్ పేటలో ఒకటి దొరికింది. అంతా మనవాళ్ళే, మెడల్లో నీలం తెలుపు మఫ్లర్లు, టీవీ గట్టిగా మోగుతోంది. బాత్‌రూమ్‌కి ఒక్కటే మెట్టు, దానికి నేను చాలు. లాంబెర్తో కూడా నిటారుగా కూర్చున్నాడు. కాసేపటికి టీవీలో మనవాడొకడు బంతి తీసుకుని పరిగెత్తాడు. లాంబెర్తో మెడ మీద నరం ఉబ్బింది. పెదాలు విచ్చుకున్నాయి. సరిగ్గా అప్పుడు ఎదురు బార్‌లోంచి "గోల్!" అని కేక వినబడింది. మా టీవీలో బంతి ఇంకా వాడి కాళ్ళ దగ్గరే ఉంది.

"వాళ్ళకి డిష్షు, మాకు ఇంటర్నెట్టు. మాది కాస్త వెనక" అన్నాడు బార్ ఆయన తల గోక్కుంటూ.

కాసేపాగి మా టీవీలోనూ గోల్ పడింది. తెలిసిన సంగతికి ఎవడరుస్తాడు? లాంబెర్తో నోరు, రాబోయిన తుమ్ము ఆగిపోయినట్టు, మెల్లగా మూసుకుంది. నేను లేచి ఎదురు బార్‌కి పరిగెత్తాను. కిటకిటలాడుతోంది. లోపలికి వెళ్ళడానికే మెట్లు దిగాలి. "పర్లేదమ్మా, మీ ఆయన్ని మేం ఎత్తుకొచ్చి కూర్చోబెడతాం" అన్నారు ఇద్దరు కుర్రాళ్ళు. నా వెనకే వచ్చిన లాంబెర్తో అది విని, కర్ర తిప్పుకుని ఇంటి దారి పట్టాడు.

ఆ రాత్రి నాకూ విసుగు పుట్టింది. ఎంతకని? కాళ్ళు పీకేస్తున్నాయి, నడుము పట్టేసింది, ఆదివారం వస్తోందంటేనే భయం. మళ్ళీ చలికాలం వచ్చేస్తోంది. ఆ అమ్మాయి చెప్పిన ఏడాది అయిపోవస్తోంది. రాని మాట రాదు, అలవాటు చేసుకోవాలి అని నాకు నేనే చెప్పుకున్నాను.

మళ్ళీ ఆదివారం కోస్మె తలుపు తట్టాడు. చలిగాలికి ముక్కు ఎర్రగా అయిపోయి ఉంది.

"నేను రాను కోస్మె. మీరిద్దరూ వెళ్ళండి."

"లాస్ ఫుయెంతెస్ పేటలో ఎంగ్రాసియా బార్ అని ఒకటుంది. బాత్‌రూమ్ పైనే. నేను పొద్దున్నే వెళ్ళి చూసొచ్చా. కమ్మీ ఉంది. ఊపి చూశా, గట్టిగానే ఉంది."

జీవితంలో తన కాఫీ కప్పు తను కడుక్కోని మనిషి, బాత్‌రూమ్‌లో కమ్మీ ఊపి చూసొచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. "ఇదే ఆఖరు. ఇక్కడ కూడా కాకపోతే నన్నింక అడగొద్దు" అని కోటు తొడుక్కున్నాను.

ఎంగ్రాసియా బార్ మా వంటగది కంటే కాస్త పెద్దది. నూనెలో వేగుతున్న స్క్విడ్ వాసన. ఒక్కటే టీవీ, దానికీ శబ్దం లేదు. కాఫీ మిషన్ పక్కన పాత రేడియో గొంతు చించుకుంటోంది. ఎంగ్రాసియా నా ఈడుదే, మొహం మాత్రం పన్ను నొప్పి ఉన్నదానిలా పెట్టుకుంటుంది.

"ఏం పిల్లా, ఏమిటలా చూస్తున్నావు? టీవీవాడికి మన టీమంటే పడదు. రేడియోవాడు మనవాడు."

"రేడియో ముందు చెప్పేస్తోందే! ముందు విని తర్వాత చూడ్డమేమిటి?"

"వాడు చెప్పింది నిజమో కాదో చూసుకోవద్దూ?" అని లాంబెర్తో ముందు ఆలివ్‌ల గిన్నె పెట్టి, ఏమీ అడక్కుండా దాన్ని ఎడమచేతి వైపు జరిపింది. ఆ ఒక్క పనికి ఆవిడంటే నాకు ఇష్టం కలిగింది.

మ్యాచ్ ఎప్పటిలాగే ఉంది. వాళ్ళు ఒక గోల్ వేశారు, మనవాళ్ళు ఆపసోపాలు పడుతున్నారు. నేను లాంబెర్తో కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాను, కిందకి వేలాడితే వాస్తుంది. చుట్టూ అందరూ అరుస్తున్నారు, తిడుతున్నారు, ఆయన తప్ప. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నేను కునికిపాట్లు పడుతున్నాను.

"గోల్! గోల్! గోల్!" రేడియోవాడు ఒక్కసారిగా పెట్టిన కేకకి ఉలిక్కిపడి లేచాను. బార్ అంతా లేచింది. నేను టీవీ వైపు చూడలేదు, లాంబెర్తో నోటి వైపు చూశాను. టీవీలో కూడా బంతి వలలో పడినట్టుంది, కుర్చీలు విరిగేలా గెంతుతున్నారు జనం. ఆయన పెదాలు కదల్లేదు. కనీసం వణకలేదు. అయిపోయింది, ఇంక రాదు అనుకున్నాను.

అంతలో అందరూ "అయ్యో" అని ఉసూరుమన్నారు. గీత దగ్గర నిలబడ్డవాడు జెండా ఎత్తాడట. గోల్ లేదట.

నాకేమైందో నాకే తెలీదు. ఇన్నాళ్ళదీ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. టీవీ ముందుకెళ్ళి వాడి మీద విరుచుకుపడ్డాను. "ఒరేయ్ జెండా వెధవా! నీ కళ్ళు పేలిపోను! బంతి లోపల పడ్డం ఊరంతా చూసింది, నీకు కనపళ్ళేదా? ఎన్ని బార్లు తిరిగామో తెలుసా నీకు? ఎన్ని మెట్లు చూశానో తెలుసా? ఆ ఒక్క గోల్ ఇస్తే నీ సొమ్మేం పోయిందిరా? నీ చెయ్యి పడిపోను!"

బార్ చప్పబడిపోయింది. రేడియో ఒక్కటే మాట్లాడుతోంది. కోస్మె నేల చూపులు చూస్తున్నాడు. ఏమన్నానో నాకు అప్పుడు వినిపించింది. బల్ల మీద నేను పెట్టిన చోటే ఉంది లాంబెర్తో కుడిచెయ్యి.

"ఆఫ్‌సైడ్."

రేడియో అనుకున్నాను. రేడియోవాడు రెఫరీలు ఇంకా వీడియో చూస్తున్నారనే చెబుతున్నాడు. కోస్మె నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. లాంబెర్తో నా వైపే చూస్తున్నాడు. జాలిగా కాదు, ప్రేమగా కాదు. బస్సు తలుపులో అడ్డంగా నిలబడ్డ ప్రయాణికుల్ని చూసినట్టు, మహా చిరాగ్గా చూస్తున్నాడు.

"ఏమన్నావు?"

"ఆఫ్‌సైడ్." చివర కాస్త ముద్దగా వచ్చింది. గొంతు తుప్పుపట్టింది. కానీ ఆ గొంతే.

వెళ్ళి వాటేసుకుందామనుకున్నాను. ఏడుస్తే మళ్ళీ ఆగిపోతుందేమోనని భయమేసింది. నడుం మీద చేతులు పెట్టుకుని "కాదు, గోలే" అన్నాను.

"ఆఫ్‌సైడ్!" ఎడమచేత్తో బల్ల మీద కొట్టాడు. ఆలివ్‌లు ఎగిరి కింద పడ్డాయి.

కోస్మెకి ఫుట్‌బాల్ అంతా కంఠతా వచ్చు. వాడి కళ్ళ నిండా నీళ్ళు. "ఒరోసియా అన్నదే నిజంరా లాంబెర్తో, గోలే" అన్నాడు.

"నాకూ గోల్‌లాగే కనిపించింది" అంది ఎంగ్రాసియా బల్ల తుడుస్తూ.

"ఆఫ్... ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్!"

రేడియోవాడు అప్పుడే ఆఫ్‌సైడ్ అని తేల్చి చెప్పబోయాడు. ఎంగ్రాసియా వెళ్ళి రేడియో కట్టేసింది. "ఏయ్ ఎంగ్రాసియా, పెట్టు!" అని వెనక నుంచి ఇద్దరు ముగ్గురు అరిచారు. "నోళ్ళు ముయ్యండి, వాడికీ కళ్ళు కనపడవు" అంది.

ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఇంటికొచ్చే దారిలో కోస్మె నా పక్కకి చేరి, చిన్నగా, "అసలు ఆఫ్‌సైడంటే ఏంటంటే ఒరోసియా, చివరి డిఫెండర్ కంటే..." అని మొదలుపెట్టాడు.

"చెప్పావంటే చంపేస్తాను" అన్నాను.

ఇంటికొచ్చాక లాంబెర్తోని మంచం మీద కూర్చోబెట్టి బూట్లు విప్పుతున్నాను. ఇద్దరం అలిసిపోయి ఉన్నాం, ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి. పాపం, ఇంక చాలనిపించింది. "సరేలే. ఆఫ్‌సైడే" అన్నాను.

ఆయన తృప్తిగా తలాడించి నోరు మూసుకున్నాడు. గదిలో చప్పుడు లేదు. అదే పాత నిశ్శబ్దం.

"అయినా అది గోలే" అన్నాను రెండో బూటు లాగుతూ.

"ఆఫ్‌సైడ్!" అని పైనుంచి కసిరాడు.

ఆఫ్‌సైడంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకుంటాను.