రింగు మీది పేరు

స్టూడియో ఖాళీ చేసిన రోజున సామాన్ల హడావిడిలో లెన్స్ ఎక్కడో జారిపోయింది. కెమెరా మాత్రం మేష్టారి చేతికొచ్చింది. ఆ స్టూడియో నడిపిన ఆయన భార్య ఏటా ఆ లెన్స్‌తోనే ఆయన క్లాసు పిల్లలకు బడి వరండాలో ఫొటో తీసేది. ఆవిడ పోయిన ఈ ఏడు కూడా ఆ వరస తెగకూడదని, సెలవులిచ్చేలోగా తానే తీయాలని మేష్టారి పట్టుదల.

లెన్స్ లేకుండానే ఒకసారి నొక్కి చూశారు. తెర మీద తెలుపు తప్ప ఏమీ లేదు.

స్టూడియోలో కెమెరాలు బాగుచేసిన బావమరిది నవ్వాడు. “తలుపు తీసి పెడితే బొమ్మ నడిచొస్తుందనుకున్నావా బావా? గోడ మీంచి వచ్చే వెలుతురూ, పిల్లల మీంచి వచ్చే వెలుతురూ కలగాపులగంగా పడతాయి. దేన్ని దాని చోట కూర్చోబెట్టేది లెన్సే. నువ్వు లేనప్పుడు నీ క్లాసు ఎలా ఉంటుందో చూడు.”

“నేనున్నా అంతేలే,” అన్నారు మేష్టారు.

పాత లెన్స్ ముందు రింగు మీద ఓ పెద్ద కంపెనీ పేరు, పక్కన యాభై అంకె ఉండేవి. బజారంతా గాలించి అచ్చంగా అలాంటిదే కొన్నారు. తీరా కెమెరా తెరలో చూస్తే వరస రెండు కొసల్లో పిల్లలు తెగిపోయారు. వెనక్కి జరుగుదామంటే వీపుకు గోడ తగిలింది.

“పేరు చూసి కొన్నావా!” అన్నాడు బావమరిది. “పగిలిపోయిన ఇంకో లెన్స్ రింగు తీసి అక్క లెన్సుకు బిగించింది నేనే. గిరాకీలు పేరు చూస్తేగానీ నోరు మూయరు.”

“మీ అక్క ఊరుకుందా?”

“వారం తిట్టింది. గిరాకీ పెరిగాక మానేసింది.”

“మరి లోపలి అద్దాలు?”

“ఊరూ పేరూ లేని కంపెనీవి. చేసిందెవరో పేరు చెబుతుంది, అంతే. ఎంత మేర పడుతుందో అంకె చెప్పాలి. నీ ఖర్మ, ఆ రింగు మీద పేరుతో పాటు అంకె కూడా అబద్ధమే.”

మర్నాడు అతను నాలుగు లెన్సులు తెచ్చాడు. నిరుటి ఫొటో పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ తగిలించి చూశారు. ముప్ఫై అయిదు అంకె ఉన్నదానితో ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా సరిగ్గా పట్టింది. పిల్లలంతా తెరలోకి వచ్చారు. కుడి స్తంభం పక్కన, ఏటా భార్య ఫొటో తీస్తుంటే మేష్టారు నిలబడే చోటు ఖాళీగా కనిపించింది.

“వెళ్లి నిలబడు బావా, నేను నొక్కుతా.”

మేష్టారు కెమెరా ఇవ్వలేదు.

“అయితే నువ్వే నొక్కు.”

అదీ చేయలేదు. ఇంతలో బడి వదిలే బెల్లు మోగింది. పిల్లలు వెళ్లిపోయారు.

ఈ ఏటి ఫొటో ఇంకా తీయలేదు.