పీతలు దించడానికి వెళ్ళిన తుర్లైఫ్

హోనింగ్స్‌వోగ్ రేవులో ఆగిన చిన్న విలాస నౌకలోకి జాలరి తుర్లైఫ్ రెండు బుట్టల పీతలు మోసుకెళ్ళాడు. వంటగదిలో దించి వస్తుంటే, వడ్డనకు కొత్తగా చేరిన సిన్నెవ అతన్ని ప్రయాణికుడనుకుంది. "రండి సార్, సూపు చల్లారిపోతోంది," అని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పొరపాటో మర్యాదో తేల్చుకోలేక అతను తాగేశాడు. తలెత్తేసరికి ఊరు వెనక్కి పోతోంది.

ఇంతలో భార్య ఫోన్ చేసింది. "ఎక్కడున్నావయ్యా?"

"తెలీడం లేదే. సూపు తాగుతుంటే ఓడ కదిలింది."

"తాగింది సూపేనా?"

కెప్టెన్ వచ్చి క్షమాపణ చెప్పాడు. "సాయంత్రం వచ్చే రేవులో దించుతాం."

"అందాకా నేనేం చేయాలి?"

"ప్రయాణికులు చేసేదే."

ప్రయాణికులు దుప్పట్లు కప్పుకుని సముద్రాన్ని చూస్తున్నారు. నలభై ఏళ్ళు ఆ నీళ్ళమీదే బతికిన తుర్లైఫ్‌కి అందులో చూడటానికేముందో అర్థం కాలేదు. అయినా ఒక దుప్పటి అడిగి తీసుకుని, వాళ్ళ పక్కన కూర్చుని తనూ చూడసాగాడు.